హాస్కెల్‌లో ఇన్‌స్టెన్సుల తగవు

జావాలోనో, సీ ప్లస్ ప్లస్‌లోనో రోజూ ఓవర్‌లోడింగ్ వాడేవాళ్ళకి ఒక ప్రశ్న. ఒకే కాల్‌కి రెండు ఫంక్షన్లు సరిపోతే కంపైలర్ దేన్ని ఎంచుకోవాలి? "దగ్గరగా సరిపోయేదాన్ని" అంటారు కదూ. హాస్కెల్ వాళ్ళు మాత్రం ఈ జవాబుని స్టాండర్డులోకి రానివ్వలేదు. ఎందుకో తెలిశాక నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

1989లో ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ టైప్ క్లాసుల మీద ఓ పేపరు రాశారు. కూడిక, సమానమా కాదా అని చూడడం లాంటివి ఒక్కో టైపుకి ఒక్కోలా పనిచెయ్యాలి, కానీ దానికో పద్ధతుండాలి అన్నది వాళ్ళ ఆలోచన. ప్రతి ఇన్‌స్టెన్సూ ఒక ఫంక్షన్ల పట్టికగా మారుతుంది, కంపైలర్ దాన్ని మనకి కనపడకుండా ఆర్గ్యుమెంటుగా పంపిస్తుంది. అంతే. 1990 నాటి మొదటి హాస్కెల్ రిపోర్టులోనే ఇవి చేరిపోయాయి.

చిక్కల్లా స్ట్రింగుతో వచ్చింది. హాస్కెల్‌లో స్ట్రింగంటే క్యారెక్టర్ల లిస్టే. లిస్టుని కామాలు పెట్టి చూపించాలి, స్ట్రింగునేమో కొటేషన్లలో చూపించాలి. రెండిటికీ వేరువేరుగా 'షో' ఇన్‌స్టెన్సు రాస్తే స్ట్రింగుకి రెండూ సరిపోతాయి! హాస్కెల్ 98 దీన్ని ఒప్పుకోదు. అందుకని 'షో' క్లాసులోనే 'షోలిస్ట్' అని ఇంకో మెథడ్ పెట్టి గండం గట్టెక్కించారు. అయితే క్లాసు రాసినవాడు ముందే ఊహిస్తేనే ఈ కిటుకు పనికొస్తుంది.

తర్వాత హగ్స్, జీహెచ్‌సీ కంపైలర్లు ఒక ఎక్స్‌టెన్షన్ ఇచ్చాయి: ఎక్కువ స్పెసిఫిక్‌గా ఉన్నదే గెలుస్తుంది. వినడానికి బానే ఉంది. కానీ స్పెసిఫిక్ ఇన్‌స్టెన్సు ఒక మాడ్యూల్‌కి కనపడి, ఇంకోదానికి కనపడకపోతే? ఒకే టైపుకి ఒకచోట ఒక అర్థం, ఇంకోచోట ఇంకో అర్థం. ఒక మాడ్యూల్ ఒక వరసలో సెట్‌లో పెట్టిన విలువని, వేరే వరసలో వెతికే మాడ్యూల్ "లేదు" అనేస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ప్రొడక్షన్‌లో ఇలాంటి బగ్ పట్టుకోవడం ఎంత నరకమో మీకు నేను చెప్పక్కర్లేదు.

2015లో వచ్చిన జీహెచ్‌సీ 7.10, మాడ్యూల్ మొత్తానికి వర్తించే పాత ఫ్లాగుని వద్దంది. బదులుగా ఒక్కో ఇన్‌స్టెన్సు మీదే చీటీ అంటించమంది: "నేను ఇంకోదాన్ని పక్కకి నెడతాను" లేదా "నన్ను పక్కకి నెట్టొచ్చు". కనీసం కోడ్ చదివేవాడికి సంగతి తెలుస్తుంది. రస్ట్ వాళ్ళూ 2016లో 'స్పెషలైజేషన్' పేరుతో ఇలాంటి ప్రతిపాదనకే సరే అన్నారు, కానీ లైఫ్‌టైమ్‌ల దగ్గర టైప్ సేఫ్టీకి చిల్లు పడుతుందని తేలి, అదింకా స్టేబుల్‌లోకి రాలేదు.

నా ఓటు మాత్రం న్యూటైప్‌కే. అర్థం వేరైతే పేరూ వేరుగానే పెట్టాలి. నాలుగు లైన్లు ఎక్కువ టైపు చెయ్యాల్సి రావచ్చు. కొత్తగా ఒక ఇంపోర్ట్ చేర్చినంత మాత్రాన పాత కోడ్ అర్థం మారిపోకూడదన్న హామీకి ఆ నాలుగు లైన్లు చవకే.