గూడబాతుల కాలనీ ఎందుకు లేచిపోతుంది?

1902లో కడప జిల్లా బుచ్చుపల్లెలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కలిసి గూళ్లు పెట్టడం విలియం హోవర్డ్ క్యాంప్‌బెల్ చూశాడు. ఆ కాలనీ మళ్లీ ఎవరి కంటా పడలేదు. 1946లో కె.కె. నీలకంఠన్, ఇందుచూడన్ పేరుతో మలయాళంలో పక్షుల గురించి రాసినాయన, కొల్లేరు ప్రాంతంలో దాదాపు 3000 గూడబాతులున్న కాలనీని కనుక్కున్నారు. 1975 నాటికి అదీ ఖాళీ అయింది. ఇంత పెద్ద పక్షి, నలుగురి కళ్లెదుటే గూడు కట్టేది, గుంపుగుంపంతా ఎలా మాయమవుతుంది? సత్తెనపల్లి నుంచి గుంటూరు మీదుగా ఉప్పలపాడు వెళ్లి చెరువుగట్టున ఓ పూట కూర్చుంటే ముడికి కొస దొరుకుతుంది.

మొదటి ఆధారం చెట్టు. పొలంగట్టున రైతు తిట్టుకుంటూ నరికే సర్కారు తుమ్మే ఉప్పలపాడు చెరువులో గూళ్లు మోస్తోంది. నేలపట్టు పక్షి కేంద్రంలో ఆ పని కడప చెట్లది. కొల్లేటి దగ్గర ఆటపాకలోనైతే నీళ్లలో నాటిన ఇనుప స్టాండ్ల మీదే కాపురం పెట్టాయి. అంటే చెట్టు ఏ జాతిదన్నది వాటికి పట్టదు. గూడు నిలిచే ఆసరా, చుట్టూ కందకంలా నీళ్లు ఉంటే చాలు.

రెండోది కాలం. గుడ్డు పిల్ల కావడానికి నెల, పిల్ల ఎగరడానికి మూడు నుంచి ఐదు నెలలు. తల్లి వాలగానే పిల్ల తన తలని మెడదాకా తల్లి ముక్కుసంచిలోకి దూర్చి చేప లాక్కుంటుంది. ఆ తిండి కోసం తల్లిదండ్రులు చెరువులన్నీ గాలించి రావాలి. అన్ని నెలలూ ఎగిరి వెళ్లి రాగల దూరంలో చేపలుండాలి. నడుమ చెరువు ఎండినా, చెట్లు కొట్టినా ఆ ఏటి పిల్లలు దక్కవు.

మూడోది ఊరు. 1906లో తిరునల్వేలి జిల్లా కూందన్‌కుళంలో సి.ఇ. రెనియస్ ఒక కాలనీ చూశాడు. ఊరివాళ్లు ఆ పక్షుల్ని దాదాపు దైవంగా భావించేవారు. 1944లో మళ్లీ చూస్తే గూడబాతుల గూళ్లు పది వరకు, ఎర్రకాళ్ల కొంగలవి 200 దాకా ఉన్నాయి. నేడు కూడా అది పక్షుల కేంద్రమే. బుచ్చుపల్లె కాలనీ జాడలేకుండా పోయినా ఇది నిలిచింది.

మూడు ఆధారాలూ కలిపితే ముడి వీడుతుంది: నీళ్లలో ఆసరా, ఆర్నెల్ల ప్రశాంతత, ఊరి ఓర్పు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా కాలనీ నిలవడం కష్టం. మూడూ అమర్చడం మన చేతిలో పనే. పత్తి, మిరప చేల నడుమ ఉన్న మన ఊరచెరువుల్లో పూడిక తీసేటప్పుడు మధ్యలో ఒక దిబ్బ, దాని మీద నాలుగు తుమ్మచెట్లు వదిలిపెడదాం. గూళ్లు కట్టాక పిల్లలు ఎగిరేదాకా అటు గొడ్డలి పోనివ్వవద్దు.