మెల్లగా కొట్టుకునే గుండె: ఒక డబ్లిన్ కథ

1819 మే నెల. డబ్లిన్‌లో రాబర్ట్ ఆడమ్స్ అనే కుర్ర సర్జన్ ఒక రోగిని చూడటానికి వెళ్ళాడు. రోగి రెవెన్యూ శాఖ ఉద్యోగి, వయసు అరవై ఎనిమిది, భారీ మనిషి. కాస్త కదిలితే ఆయాసం. మూడు రోజుల కిందట ఉన్నట్టుండి తెలివితప్పి పడిపోయాడు. అలా పడిపోవడం కొత్త కాదు. ఏడేళ్ళుగా ఆయన్ని కనిపెట్టుకుని ఉన్న డాక్టరు లెక్క ప్రకారం ఇరవై సార్లకి తక్కువ కాదు. ఆ రోజుల్లో ఇలాంటిదానికి ‘అపోప్లెక్సీ’ అని పేరు పెట్టేసేవారు, అంటే తప్పు మెదడుది అని. కానీ ఇన్నిసార్లు పడినా ఈయనకి ఒక్కసారీ చెయ్యి గానీ కాలు గానీ పడిపోలేదు. ఆడమ్స్ దృష్టి వేరే చోటికి పోయింది. నాడి చూస్తే నిమిషానికి ముప్పై!

ఆ నవంబరులో రోగి పోయాడు. కోసి చూస్తే గుండెకి విపరీతంగా కొవ్వు పట్టి ఉంది. ఈ కేసుని ఆడమ్స్ 1827లో ‘డబ్లిన్ హాస్పిటల్ రిపోర్ట్స్’లో అచ్చువేయించాడు. మూర్ఛ మెదడులో కనిపిస్తున్నా దాని వేరు గుండెలో ఉందని ఆయన తేల్చిన విషయం. ఇప్పుడు మనకి ఇది వింతగా అనిపించదు. కానీ గుండెకి కరెంటు తీగలున్నాయని ఎవరికీ తెలియని రోజుల్లో, చేతికి తగిలిన నాడి నుంచి అంత దూరం ఆలోచించడం మామూలు విషయమా చెప్పండి!

నాడి చూడటం మనకేమీ కొత్త కాదు కదా అంటారేమో. నిజమే. మన వైద్యుడు మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి, ఇది పాములా పాకుతోందా, కప్పలా గెంతుతోందా, హంసలా నడుస్తోందా అని చూసేవాడు. హంస నడక కఫానిది, అంటే నిదానం. మనది నడకని చూసే విద్య. నిమిషానికి ఇన్ని అని లెక్క కట్టాలంటే సెకన్లు చూపించే గడియారం కావాలి. అది ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ అనే వైద్యుడి చేతికి 1707 నాటికి వచ్చింది. ఇప్పుడు ఆ గడియారం మన ముంజేతి మీదే ఉండి, మనం అడక్కపోయినా లెక్క కట్టి పెడుతోంది. గొడవంతా అక్కడే మొదలవుతోంది. ఆ సంగతికి తరవాత వస్తాను.

ఆడమ్స్ తరవాత విలియమ్ స్టోక్స్. ఈయన పుట్టింది 1804లో. స్టెతస్కోపు ఇంకా చాలామంది డాక్టర్లకి ఆటవస్తువులా కనిపించే రోజుల్లో, 1825లో, దాన్ని వాడటం గురించి ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు దాటాయంతే. తరవాత మీథ్ హాస్పిటల్లో వైద్యుడయ్యాడు. ఆయన ఉన్న ఇల్లు మెరియన్ స్క్వేర్‌లో 5వ నంబరు. గ్రాండ్ కెనాల్ డాక్ వైపు ఆఫీసులున్న మన సాఫ్ట్‌వేర్ జనం రోజూ ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటారు. 1వ నంబరు ముందు ఆస్కార్ వైల్డ్ కోసం ఫోటోలు తీసుకుంటారు గానీ, నాలుగడుగుల దూరంలో ఉన్న ఈయన ఇంటిని పట్టించుకున్నవాళ్ళని నేను చూడలేదు.

1846 ఫిబ్రవరిలో మీథ్ హాస్పిటల్లో చేరిన ఒక రోగి, అలాంటివే మరికొన్ని కేసులు కలిపి స్టోక్స్ ఒక వ్యాసం రాశాడు. ‘శాశ్వతంగా నెమ్మదిగా ఉండే నాడి’ గురించి అని దాని శీర్షికకి అర్థం. ఆ ‘శాశ్వతంగా’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. ఈ వ్యాసంలో ఇంకో గొప్ప గమనిక ఉంది. రోగి మెడలో సిర అదురుతోంది. ఆ అదుర్లు గుండె చప్పుళ్ళకి రెట్టింపు కన్నా ఎక్కువ. అంటే గుండె పైగదులు మామూలు వేగంతోనే పనిచేస్తున్నాయి, కింది గదులకి మాత్రం కబురు అందడం లేదు. కళ్ళతో చూసి, లెక్కపెట్టి రాశాడు గానీ ఎందుకో చెప్పే సాధనం అప్పటికి లేదు. పైగదులకీ కింది గదులకీ మధ్య ఉన్న తీగని విల్‌హెల్మ్ హిస్ 1893లో చూపించాడు. మొదటి పేస్‌మేకర్ మనిషి ఒంట్లోకి 1958లో, స్వీడన్‌లో వెళ్ళింది. ఆ రోగిని పట్టి పీడించినవి ఈ మూర్ఛలే. ఆయన 2001 దాకా బతికాడు.

స్టోక్స్ వర్ణించిన రోగుల్లో ఒకాయన తన వైద్యం తానే కనిపెట్టుకున్నాడు. తల తిరగబోతోందని తెలియగానే మోకాళ్ళ మీద, చేతుల మీద వంగి తల కిందికి వాల్చేవాడు. చాలాసార్లు మూర్ఛ తప్పిపోయేది. మెదడుకి రక్తం చేరాలి, అంతే కదా! ఈ మూర్ఛలకి ఇద్దరి పేర్లూ కలిసి స్టోక్స్-ఆడమ్స్ అన్న పేరు స్థిరపడింది. నిజానికి వీళ్ళకంటే ముందే ఇటలీలో మోర్గాన్యి 1761లో ఇలాంటి రోగుల గురించి రాశాడు. అందుకని కొన్ని దేశాల్లో ఆయన పేరూ ముందు తగిలిస్తారు.

ఇక మన కాలానికి వద్దాం. ఇక్కడి మిత్రుడొకాయన రెండేళ్ళ కిందట పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాడు. డబ్లిన్ పక్కన లాక్లిన్స్‌టౌన్‌లో సెయింట్ కోలమ్‌సిల్స్ ఆసుపత్రిలో స్థూలకాయానికి ప్రభుత్వ వైద్యం ఉంది గానీ వరస పెద్దది. అందుకని చాలామంది ఐరిష్ వాళ్ళలాగే ఈయనా విమానమెక్కి బయటి దేశం వెళ్ళాడు. 124 కిలోల నుంచి 82కి వచ్చాడు. వారానికి నాలుగు రోజులు పరుగు. ఒకరోజు గడియారం తెల్లవారుజామున 42 అని చూపించింది. వీడియో కాల్‌లో తెనాలిలోని వాళ్ళమ్మగారికి చెప్పేశాడు. ఆవిడ, “నాయనా, తిండి మానేస్తే ఒంట్లో ప్రాణం ఎక్కడుంటుందిరా, వచ్చెయ్” అని ఏడుపు. ఆయనేమో మారథాన్ వీరులకి ఇంతే ఉంటుందిలే అని ధీమా. నాకు ఇద్దరి మాటలోనూ కొంత నిజం కనిపించింది.

ముందు ఆయన మాట. విశ్రాంతిలో మనిషికి నిమిషానికి సుమారు అయిదు లీటర్ల రక్తం తిరగాలి. గుండె ఒక్కో దెబ్బకి 70 మిల్లీలీటర్లు తోస్తే 70 దెబ్బలు కావాలి, 100 తోస్తే 50 చాలు. వ్యాయామం చేసినవాడి గుండె ఈ రెండో లెక్కలో నడుస్తుంది. వేగస్ నరం కళ్ళెం బిగించి పడుతుందని చాలాకాలంగా చెబుతున్న కారణం. అది ఒక్కటే కాదని 2014లో మాంచెస్టర్‌లో మార్క్ బాయెట్ బృందం శిక్షణ ఇచ్చిన ఎలుకల మీద చూపించింది. గుండెకి తాళం వేసే కణాల్లోనే ఒక ప్రోటీను తగ్గుతుందట. ఏది ఎంత అన్న వాదన ఇంకా తెగలేదు. దీనికి తోడు నలభై కిలోల బరువు దిగిపోతే, ఆ ఒంటికి రక్తం పంపే చాకిరీ తప్పుతుంది, గుండెని ఎప్పుడూ అదిలిస్తూ ఉండే నరాల జోరూ తగ్గుతుంది.

ఇప్పుడు అమ్మగారి మాట. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో ఆన్సెల్ కీస్ ముప్పై ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలల పాటు అరకొర తిండి పెట్టి చూశాడు. వాళ్ళ నాడి సుమారు 55 నుంచి 35 దగ్గరికి పడిపోయింది. అది శిక్షణ ఫలితం కాదు, ఒళ్ళు ఇంధనం పొదుపు చేసుకోవడం. పొట్ట చిన్నదైన మనిషిలో రెండూ కలిసి ఉండవచ్చు. స్టోక్స్ రోగి మీథ్‌లో చేరేనాటికి బంగాళాదుంప తెగులు వచ్చి ఐర్లండులో మహా క్షామం మొదలైంది. ఈ దేశానికి ఆకలి సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి 42 అన్న అంకె దానంతట అది ఏమీ చెప్పదు. ఇదివరకు 60 లోపు ఉంటే నెమ్మది అనేవారు. 2018 నాటి అమెరికా గుండె వైద్యుల మార్గదర్శకాలు దాన్ని 50కి దించాయి, అదీ లక్షణాలతో కలిపి చూడాలన్నాయి. ఆ ‘శాశ్వతంగా’ పనికొచ్చేది ఇక్కడే. వ్యాయామం వల్ల నెమ్మదించిన నాడి మెట్లెక్కితే నూరు దాటుతుంది, పరిగెడితే ఇంకా పైకి పోతుంది. తీగ తెగినవాడి నాడి మెట్లెక్కినా పెద్దగా కదలదు, కళ్ళు మాత్రం తిరుగుతాయి.

మిత్రుడికి లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్న మాట నిజమే. ఈసీజీలో తీగలన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఇక్కడి డాక్టరమ్మ ఆయన మందుల సంచీ తెప్పించి చూసింది. 124 కిలోల రోజుల్లో రక్తపోటుకి రాసిన బీటా బ్లాకర్ మాత్ర అదే మోతాదులో రోజూ మింగుతూనే ఉన్నాడు! అది నాడిని ఇంకా దించే మందు. ఆపరేషన్ చేసింది ఒక దేశం, మాత్ర రాసింది ఇంకో దేశం, మధ్యలో చూసేవాడు లేడు. ఇలాంటి మాత్ర సొంతంగా టక్కున మానెయ్యకూడదు, గుండె ఎదురుతిరుగుతుంది. ఆవిడే మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి ఆపించింది. బయట ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనవాళ్ళు ఎవరైనా ఉంటే, పాత చీటీలన్నీ పట్టుకెళ్ళి ఒకసారి చూపించుకోండి. నడుస్తూ నడుస్తూ తెలివి తప్పితే మాత్రం చీటీలు వెతక్కుండా అంబులెన్సు పిలవండి.

పరుగు మానెయ్యమని ఆవిడ చెప్పలేదు. స్టోక్స్ కూడా చెప్పేవాడు కాదు. 1854లో గుండె జబ్బుల మీద ఆయన రాసిన పెద్ద పుస్తకంలో, కొవ్వు పట్టి బలహీనపడుతున్న గుండెకి మొదటి దశలో మందు నడకే అన్నాడు. విలాసాలు తగ్గించి, ముందు చదునైన నేల మీద కొద్దికొద్దిగా నడవాలి, అలవాటైన కొద్దీ ఎత్తులకి వెళ్ళాలి. కుదిరితే స్విట్జర్లండు కొండలు, లేదంటే స్కాట్లండ్, ఐర్లండ్ కొండలైనా చాలు. ఆ తరవాత వైద్యులు ఈ మాట మరిచిపోయారు. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా గుండెపోటు వచ్చినవాణ్ణి వారాల తరబడి మంచం దిగనివ్వలేదు. స్టోక్స్ విగ్రహం కిల్డేర్ స్ట్రీట్‌లోని వైద్యుల కాలేజీలో ఉంది.