వట్టికోటవారి కంఠీరవము

1955 డిసెంబరు 10వ తేదీన మన నందికొండయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టుటకై పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిన సంగతి మీరెరిగినదే. ఆ యేటనే మన నల్లగొండ సీమవాడు వ్రాసిన ‘ప్రజల మనిషి’ యను నవల వెలువడెను. ఆనకట్టను జూడ వేలకొలది జనము వత్తురు. ఈ నవలకు మన యూళ్లలో అంతటి ఆదరము లేదని నా బాధ.

గ్రంథకర్త వట్టికోట ఆళ్వారుస్వామి. నకిరేకల్లు దాపున చెరువుమాదారమున జన్మించెను. బాల్యముననే తండ్రి పోగా, ఒక ఉపాధ్యాయునింట వంట చేయుచు చదువు నేర్చెను. బెజవాడ హోటలులో పనిచేసెను. పిదప హైదరాబాదు చేరి ‘గోలకొండ పత్రిక’కు అచ్చుతప్పులు దిద్దెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకముల మూట మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. చెరసాలలు ఆయనకు క్రొత్త గావు. నిజామాబాదు జైలులో తనతో నున్న ఈయనకే దాశరథి తన ‘అగ్నిధార’ను అంకితమిచ్చెను.

నవలలోని ఊరు దిమ్మెగూడెము. అచటి దొర రామభూపాలరావు. ఆనాటి పల్లె యెట్టిదో మీ తాతలు చెప్పియే యుందురు. అధికారి ఊరిలో దిగెనా, కోమటి ఉప్పుపప్పులు, గొల్ల మేకను, కుమ్మరి కుండలను ఊరక నీయవలెను. వెట్టివాడు మూట నెత్తిన బెట్టుకొని పోవలెను. అప్పునకై తరతరములు జీతముండు భాగేలాల విషయమున నిజాము ప్రభుత్వము 1936లో శాసనము చేసెను. ఏమి లాభము? శాసనము పట్నమున నుండెను, దొర ఊరిలో నుండెను.

అట్టి ఊరిలో కంఠీరవ మను యువకుడు అన్యాయమున కెదురు నిలుచును. ఇతడు కత్తి పట్టిన వీరుడు కాడు. చదువును, సభను, పదిమంది కూడి చెప్పు మాటను నమ్ముకొన్నవాడు. అతని పోరు దొరయొక్కనితోనే యని నాకు దోచదు. ఊరంత యలవాటుపడిన భయముతో, పంచుకొని తిను పటేలు పట్వారులతో, మతము పేర జనమును చీల్చువారితోను అతనికి పోరే. దొర నెదిరించుటకంటె ఇది కష్టము. ఏలయన, భయపడువాడు తన పక్షమువాడే.

1922లో వెలువడిన ఉన్నవవారి ‘మాలపల్లి’లో రామదాసు మంచితనము ఓర్పునందున్నది, కష్టములు వచ్చిన కొలది అతడు వేదాంతమున నిలుచును. గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు సంఘమునకును తనకును పొత్తు కుదరక తననే నాశనము చేసికొనును. కంఠీరవము ఓర్చుకొనడు, ఒంటరియై కుములడు, జనమును కూడగట్టును. ఒక్క మాట మాత్రము చెప్పవలెను: అతనియందు దోషమే కానరాదు, అది నాకు కొంత కొరతగా దోచును. అయినను, అట్టివాడు లోకమున నుండునా యని యడుగువారికి గ్రంథకర్త జీవితమునే చూపవచ్చును.

తరువాతి కాలపు కథను ఆళ్వారుస్వామి ‘గంగు’ అను నవలగా వ్రాయ మొదలిడెను. అది ముగియకమునుపే, 1961 ఫిబ్రవరిలో ఆయన కాలధర్మము నొందెను. వ్రాసినంతవరకు మిత్రులు అచ్చు వేయించిరి.