కొవ్వు

పర్చూరు వైపు పొగరుగా మాట్లాడేవాణ్ణి ‘కొవ్వెక్కింది’ అంటారు. పాత తెలుగులో ఇది క్రొవ్వు. కన్నడంలో కొబ్బు, తమిళంలో కొళుప్పు. బలిసిందన్న అర్థం పొగరుదాకా పాకింది, తమిళులకూ అంతే. మంచి మాట ఇలా తిట్టులో చిక్కుకోవడం నాకు బాధే. ఎందుకంటే మన చిన్నపేగు కణాల పొరకు ఆధారం కొవ్వే: ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వులు రెండు వరసలుగా అమరి ఉంటాయి. తిండి తగిలే అంచున కొలెస్ట్రాల్, చక్కెర అతుక్కున్న గ్లైకోలిపిడ్లు ఎక్కువ. అందుకే అక్కడ పొర గట్టిగా ఉండి పైత్యరసం ధాటికి నిలుస్తుంది. మన మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది కనుక ఆ పొరలోకి సులువుగా దిగుతుంది. గోంగూర పచ్చడన్నంలో నెయ్యి కలిపితే మంట తగ్గేదీ అది కొవ్వులో కరగడం వల్లే. ఆ పేగు కణాలు 3–5 రోజులకే రాలిపోతాయి. కొత్తవాటికి మళ్లీ కొవ్వు కావాలి.