ఉమ్మడి సంరక్షణ

విడాకుల తర్వాత తల్లిదండ్రులిద్దరూ బిడ్డ బాధ్యతను పంచుకునే ఏర్పాటు. కోర్టుల్లో దీన్ని జాయింట్ కస్టడీ అంటారు. చదువు, వైద్యం వంటి నిర్ణయాలు కలిసి తీసుకోవడం ఒక రకం. బిడ్డ కొన్నాళ్లు తల్లి దగ్గర, కొన్నాళ్లు తండ్రి దగ్గర ఉండడం మరో రకం. వారానికోసారి వచ్చి చూసిపోవడం సందర్శన హక్కే, ఉమ్మడి సంరక్షణ కాదు.

ఒకప్పుడు తండ్రి హక్కే చెల్లేది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంతో ముడిపడిన ఒక తెలుగు కుటుంబపు ప్రసిద్ధ వ్యాజ్యం విడాకులది కాకపోయినా ఇక్కడ చెప్పుకోదగ్గది. తర్వాత తత్వవేత్తగా పేరొందిన జిడ్డు కృష్ణమూర్తినీ, ఆయన తమ్ముణ్నీ తండ్రి నారాయణయ్య 1910లో దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనీ బిసెంట్‌కు అప్పగించి, తర్వాత వెనక్కి అడిగారు. మద్రాసు హైకోర్టులో తండ్రే గెలిచారు. 1914లో ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. పిల్లలు ఇంగ్లండులో ఉండగా, మొదట దావా వేసిన చెంగల్పట్టు జిల్లా కోర్టుకు అధికారం లేదంది. వాళ్ల మేలునూ ఇష్టాన్నీ పట్టించుకోలేదని తప్పుపట్టింది.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం కూడా తండ్రినే మొదటి సహజ సంరక్షకుడిగా ఉంచింది. అయిదేళ్లలోపు బిడ్డ మాత్రం సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంది. హనఫీ ముస్లింల హిజానత్ పద్ధతిలో కొడుకు ఏడేళ్ల దాకా, కూతురు ఈడేరే దాకా తల్లి దగ్గర ఉంటారు. ఉమ్మడి సంరక్షణ ప్రస్తావన ఈ రెండింటిలోనూ లేదు. కాలిఫోర్నియా 1979లోనే దానికి చట్టం చేసింది. మన దగ్గర 2013లో కర్ణాటక హైకోర్టు ఒక బాలుణ్ని ఏడాదిలో ఆరు నెలలు తల్లి దగ్గర, ఆరు నెలలు తండ్రి దగ్గర ఉంచింది. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి సంరక్షణను చట్టంలో చేర్చమని సిఫారసు చేసింది.

చట్టం సంగతి అలా ఉంచితే, ఆచరణలో, ఉదాహరణకు 2022లో కర్నూలు నుంచి విడివడిన నంద్యాల జిల్లాలో, ఉమ్మడి సంరక్షణకు అసలు చిక్కు దూరం. నంద్యాలకూ అదే జిల్లాలోని ఆళ్లగడ్డకూ మధ్య సుమారు 40 కిలోమీటర్లు. తల్లి ఒక ఊళ్లో, తండ్రి మరో ఊళ్లో ఉంటే బడికెళ్లే బిడ్డను వారం మధ్యలో అటూ ఇటూ తిప్పడం క్రూరమే. నిర్ణయాలు ఇద్దరివీ, బడి రోజుల్లో ఇల్లు ఒకటే, శనాదివారాలూ దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులూ పంచుకోవడం ఇక్కడ నిలిచే పద్ధతి. పెద్దమనుషుల ముందు రాసుకున్న ఒప్పందం కోర్టును కట్టిపడేయదు. బిడ్డ మేలు కోరితే కోర్టు తన ఉత్తర్వునైనా మార్చగలదు. కస్టడీ దక్కనివారికి రోజూ అయిదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే వీలుండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.