తుఫాను అనే మాట, మస్కట్ మర్చిపోయిన 117 ఏళ్లు

ఈసారి నేను రాస్తున్న మాట తుఫాను. ఇది అరబీలో కూడా ఉంది. కానీ అరబీలో ‘తూఫాన్’ అంటే ముందు గుర్తొచ్చేది గాలి కాదు, నూహ్ కాలం నాటి జలప్రళయం. మనం తుఫాను అనేదాన్ని ఒమాన్‌లో ‘ఇఅసార్’ అంటారు. నేను పెరిగిన మస్కట్ చరిత్ర చదివాక ఇక్కడికి అరబీ అర్థమే సరిపోతుందని అనిపించింది. ఇక్కడ తుఫాను వస్తే గాలి కంటే నీళ్లకే ఎక్కువ భయపడాలి.

కారణం వాదీ. వాదీ అంటే ఎండిన ఏరు. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో రాళ్లే కనిపిస్తాయి. కొండల మీద గట్టి వాన పడితే, కింద చుక్క పడకపోయినా, కాసేపట్లో వరద వచ్చేస్తుంది.

పాత ఊళ్లవాళ్లకి ఇది తెలుసు. చాలా ఊళ్లలో ఇళ్లు వాదీ ఒడ్డున, ఎత్తు మీద ఉంటాయి. నీళ్లు తెచ్చే కాలువను ఫలజ్ అంటారు. కొన్నిచోట్ల ఫలజ్‌ని వాదీ అడుగు నుంచి దాటించారు, వరద పైనుంచి పోయేలా. చాలా ఊళ్లలో నీటి వంతులు కొన్నిటిని వేలం వేసి, ఆ డబ్బు మరమ్మతులకి దాచేవాళ్లు. ఇలాంటి 5 ఫలజ్‌లకి 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నాకు నచ్చింది ఆ గుర్తింపు కాదు, దాచిన డబ్బు. వరద రాకముందే ఊరంతా కలిసి ఆలోచించిందన్నమాట.

1890 జూన్‌లో పెద్ద తుఫాను మస్కట్‌ని, బాతినా తీరాన్ని ముంచింది. 700 మందికి పైగా చనిపోయారని లెక్క. తర్వాత మస్కట్‌కి అంతటిది చాలా కాలం రాలేదు. 1970 తర్వాత ఊరు వేగంగా పెరిగింది. వాదీల దారిలో రోడ్లు, కార్ల పార్కింగులు, దుకాణాలు వచ్చాయి.

117 ఏళ్లకి, 2007 జూన్‌లో, గోను వచ్చింది. దాదాపు 50 మంది చనిపోయారు. వాదీ అదయ్ నీళ్లు సముద్రంలో కలిసే కురుమ్ ప్రాంతం మునిగింది. తాగునీరు సముద్రపు నీటిని శుద్ధి చేసే ప్లాంట్ల నుంచే వస్తుంది కాబట్టి, అవి ఆగాక నగరం నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురు చూసింది. ఆ తర్వాత వాదీ అదయ్ పైభాగంలో, అమెరాత్ దగ్గర, వరద ఆపే ఆనకట్ట కట్టారు. 2015లో జాతీయ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది.

మాది దివిసీమ. మా నానమ్మ 1977 నవంబరు 19 గురించి చెప్పేటప్పుడు తుఫాను అనదు, ఉప్పెన అంటుంది. అప్పుడు అధికారిక లెక్కలోనే 10,000 మంది పోయారు. ఆ తర్వాతే మన తీరంలో తుఫాను షెల్టర్లు వరసగా కట్టారు. అదే ఏడాది జూన్‌లో ఒమాన్‌లోని మసీరా దీవిని కూడా తుఫాను కొట్టింది, 100 మందికి పైగా చనిపోయారు. రెండు తీరాలకీ ఒకే సముద్రం కాదు, కానీ ఏడాది ఒకటే.

2021 అక్టోబరు 3న షాహీన్ బాతినా తీరాన్ని తాకింది. ఖాబూరాలో 369 మిల్లీమీటర్ల వాన పడింది. మస్కట్‌లో ఏడాది మొత్తానికి సుమారు 100 పడుతుంది. ఈసారి ముందే 2,700 మందికి పైగా షెల్టర్లకి తరలించారు. అయినా రుసైల్ పారిశ్రామిక ప్రాంతంలో కొండ విరిగి కార్మికుల ఇళ్ల మీద పడి ఇద్దరు చనిపోయారు. వార్తల్లో వాళ్లు ‘ఆసియా కార్మికులు’.

నాకు అక్కడే ప్రశ్న మిగిలింది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. తాము ఎక్కడ పడుకోవాలో వాళ్లు ఎంచుకోలేరు. హెచ్చరికలు ముందుగా అరబీలో, ఇంగ్లీషులో వస్తాయి. పాత ఊళ్లో వాదీ సంగతి పక్కింటివాళ్లు చెప్పేవాళ్లు. మనవాళ్లకి మనమే చెప్పాలి.

అందుకే ఈ మూడు మాటలు మీకు తెలిసినవాళ్లకి పంపండి:

తహ్‌జీర్: హెచ్చరిక.
ఇఖ్లా: ఖాళీ చేయడం.
మర్కజ్ ఈవా: షెల్టర్.

నాలుగోది మీకు వచ్చు: వాదీ. వాన మబ్బు కనిపిస్తే అందులో దిగొద్దని, బండి దాటించొద్దని చెప్పండి.