లిథియం బ్యాటరీ సంకలితాలు

లిథియం-అయాన్ సెల్ తయారీలో స్వల్ప మోతాదులో కలిపే రసాయనాలను లిథియం బ్యాటరీ సంకలితాలు లేదా అడిటివ్‌లు అంటారు. ఎలక్ట్రోలైట్‌లో వీటి మోతాదు సాధారణంగా 5 శాతానికి మించదు. అయినా సెల్ ఎన్నేళ్లు మన్నుతుంది, వేడిని ఎంత తట్టుకుంటుంది, ఓవర్‌ఛార్జి అయినప్పుడు ఎలా ప్రవర్తిస్తుంది అనేవి చాలావరకు వీటిమీదే ఆధారపడతాయి. ఎలక్ట్రోడ్ పూత ముద్దలో కలిపే కార్బన్ బ్లాక్, బైండర్లు, ద్రావణులను కూడా విశాలార్థంలో ఈ కోవలోనే చెబుతారు.

పూర్వ చరిత్ర

బ్యాటరీలో చిటికెడు రసాయనం కలిపి ఆయుష్షు పెంచే పద్ధతి లిథియం కంటే పాతది. 1859లో గాస్టన్ ప్లాంటే రూపొందించిన సీసం బ్యాటరీ కాలక్రమంలో మెరుగుపడినప్పుడు దాని నెగెటివ్ ప్లేటులో బేరియం సల్ఫేట్, లిగ్నిన్, కార్బన్ బ్లాక్ కలపడం ఆనవాయితీ అయింది. 1958లో విలియం హారిస్ బర్క్‌లీలో సమర్పించిన పరిశోధన గ్రంథం ప్రొపిలీన్ కార్బొనేట్ వంటి ద్రావణుల్లో లిథియం నిలకడగా ఉంటుందని చూపింది. ఆ నిలకడకు కారణం లోహంపై ఏర్పడే పలుచని పొర. ఇమాన్యుయెల్ పెలెడ్ 1979లో దానికి సిద్ధాంతరూపం ఇచ్చాడు; అదే నేటి ఎస్‌ఈఐ (సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్) పొర. లిథియం అయాన్లను పోనిస్తూ ఎలక్ట్రాన్లను ఆపడం దాని పని. ఆ తరువాతి సంకలితాల చరిత్ర చాలావరకు ఈ పొరను బాగుచేసే ప్రయత్నాల చరిత్రే.

1990 నుంచి 2006 వరకు

1991లో సోనీ సంస్థ తొలి వాణిజ్య లిథియం-అయాన్ సెల్‌ను విడుదల చేసినప్పుడు నెగెటివ్ ఎలక్ట్రోడ్‌గా పెట్రోలియం కోక్ వాడింది. గ్రాఫైట్ అంతకంటే ఎక్కువ లిథియంను పట్టుకోగలదు కానీ, ప్రొపిలీన్ కార్బొనేట్ దాని పొరల మధ్యకు చొరబడి వాటిని ఊడగొట్టేది. కెనడాలో ఫాంగ్, ఫాన్ సాకెన్, డాన్ 1990లో ప్రచురించిన పరిశోధన ఇథిలీన్ కార్బొనేట్ వాడితే గ్రాఫైట్‌పై నిలకడైన పొర ఏర్పడుతుందని నిరూపించింది. ఇథిలీన్ కార్బొనేట్, డైమిథైల్ కార్బొనేట్ వంటి ద్రావణుల మిశ్రమంలో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణాన్ని కరిగించే పద్ధతి ఆ దశాబ్దంలోనే స్థిరపడింది.

ఈ కాలపు ముఖ్యమైన సంకలితం వినైలీన్ కార్బొనేట్. దీన్ని న్యూమన్, అడార్ 1953లోనే తయారుచేశారు. బ్యాటరీలో దాని ఉపయోగాన్ని ఫ్రాన్స్‌కు చెందిన సాఫ్ట్ సంస్థ 1997 నాటి అమెరికా పేటెంటుతో వెలుగులోకి తెచ్చింది. మొదటి ఛార్జింగ్‌లో ఇది ఇథిలీన్ కార్బొనేట్ కంటే ముందుగా క్షయకరణం చెంది పాలిమర్‌గా మారుతుంది, ఎస్‌ఈఐ పొరకు గట్టితనం ఇస్తుంది. సాధారణంగా 1–2 శాతం చాలు. జపాన్‌లో ఊబే సంస్థ ఇలాంటి సంకలితాలు కలిపిన ఎలక్ట్రోలైట్‌లను వాణిజ్య స్థాయికి తెచ్చింది. 2002లో ఆర్బాక్ బృందం వినైలీన్ కార్బొనేట్ పనితీరును విపులంగా వివరించింది.

దీనికి తోబుట్టువు వంటిది ఫ్లోరోఇథిలీన్ కార్బొనేట్. గ్రాఫైట్ సెల్‌లలో దాని వాడకంపై 1999లో పరిశోధన వెలువడింది. తరువాత ఛార్జింగ్‌లో బాగా ఉబ్బే సిలికాన్ ఎలక్ట్రోడ్లకు అది తప్పనిసరి అయింది. రెండింటికీ ముడిసరుకు క్లోరోఇథిలీన్ కార్బొనేట్. ట్రైఇథైలమీన్‌తో హైడ్రోజన్ క్లోరైడ్‌ను తొలగిస్తే మొదటిది, పొటాషియం ఫ్లోరైడ్‌తో క్లోరిన్ స్థానంలో ఫ్లోరిన్‌ను నిలిపితే రెండోది వస్తాయి. వినైలీన్ కార్బొనేట్ నిల్వలో తనంతట తాను పాలిమర్‌గా మారే స్వభావం కలది. అందుకే స్థిరీకరణి కలిపి చల్లగా ఉంచుతారు.

భద్రత కోసం వేరే తరగతి వచ్చింది. ఓవర్‌ఛార్జి సమయంలో బైఫినైల్ పాజిటివ్ ఎలక్ట్రోడ్‌పై పాలిమర్‌గా గడ్డకట్టి సెల్‌ను నిర్వీర్యం చేస్తుంది. ఫాస్ఫేట్ ఎస్టర్లు మంటను అణచుతాయి. వాయువు పుట్టుకను తగ్గించే ప్రొపేన్ సల్టోన్ బాగా పనిచేసినా అది క్యాన్సర్ కారకం. 2004లో కాంగ్ షూ, 2006లో షెంగ్ షుయి ఝాంగ్ రాసిన సమీక్షలు ఈ దశకు చక్కని ముగింపు పలికాయి.

తరువాతి కాలంలో పరిశోధన సంకలితాల జోడింపు మీదికి మళ్లింది. 2019లో డాన్ బృందం డల్‌హౌసీ విశ్వవిద్యాలయం నుంచి వెలువరించిన ఫలితాల ప్రకారం, వినైలీన్ కార్బొనేట్‌తో ఇథిలీన్ సల్ఫేట్ వంటివి కలిపిన సెల్‌లు విద్యుత్ వాహనాన్ని 16 లక్షల కిలోమీటర్లకు పైగా నడపగలవు.

ఎలక్ట్రోడ్ తయారీ ద్రావణులు

పాజిటివ్ ఎలక్ట్రోడ్ పొడిని పీవీడీఎఫ్ అనే బైండర్‌తో కలిపి అల్యూమినియం రేకుపై పూస్తారు. పీవీడీఎఫ్‌ను కరిగించేది ఎన్‌ఎంపీ ద్రావణి. ఆరబెట్టే పొయ్యిలో అది ఆవిరై పోతుంది. ఆ ఆవిరిని చల్లార్చి తిరిగి పట్టుకుంటారు. సంతానోత్పత్తికి హానికరమైనది కావడంతో యూరోపియన్ యూనియన్ దాని వాడకంపై 2020 నుంచి పరిమితులు అమలు చేసింది. ఎలక్ట్రోలైట్ విషయంలో ప్రధాన శత్రువు తేమ. నీటి జాడ తగిలినా హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ నుంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. అందుకే సెల్ కూర్పు, ఎలక్ట్రోలైట్ నింపకం తేమ తీసేసిన గదుల్లో జరుగుతాయి.

తెలుగు ప్రాంతంలో

ఇక్కడ లిథియం రసాయనాలకు తొలి గిరాకీ మందుల పరిశ్రమ నుంచి వచ్చింది. ఔషధ సంశ్లేషణలో వాడే బ్యూటైల్ లిథియంను లిథియం లోహం నుంచి తయారుచేసే హైదరాబాద్ సంస్థ బులీ కెమికల్స్‌ను 2023లో లివెంట్ సంస్థ నుంచి నియోజెన్ కెమికల్స్ కొనుగోలు చేసింది. అదే ఏడాది నియోజెన్ జపాన్‌కు చెందిన ఎంయూ అయానిక్ సొల్యూషన్స్ నుంచి ఎలక్ట్రోలైట్ సాంకేతికతకు లైసెన్సు పొందింది.

ద్రావణుల విషయంలో చెప్పుకోదగినది బాలాజీ అమైన్స్. 1988లో ఏర్పడిన ఈ సంస్థకు తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన షోలాపూర్‌లోనూ, సంగారెడ్డి జిల్లా బొల్లారంలోనూ కర్మాగారాలున్నాయి. ఎన్‌ఎంపీ దాని ఉత్పత్తుల్లో ఒకటి. 2022లో షోలాపూర్ దగ్గర చించోలిలో డైమిథైల్ కార్బొనేట్ ఉత్పత్తి మొదలుపెట్టింది.

సెల్‌ల తయారీ చాలా ఆలస్యంగా వచ్చింది. 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా బ్యాటరీస్ దశాబ్దాలపాటు సీసం బ్యాటరీలతోనే ఎదిగింది. లిథియం-అయాన్ సాంకేతికతను పరిశ్రమకు అందించేందుకు ఇస్రో 2018లో ప్రారంభించిన ప్రక్రియలో ఎంపికైన సంస్థల్లో అదీ ఒకటి. తిరుపతిలో మునోత్ ఇండస్ట్రీస్ 165 కోట్ల రూపాయలతో నెలకొల్పిన కర్మాగారం 2022లో ఉత్పత్తికి సిద్ధమైంది. దాని సామర్థ్యం ఏటా 270 మెగావాట్-అవర్లు. అదే ఏడాది డిసెంబరులో అమరరాజా మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడికి తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 16 గిగావాట్-అవర్ల సెల్‌లు, 5 గిగావాట్-అవర్ల ప్యాక్‌లు దాని లక్ష్యం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌ల సాంకేతికతకు అమరరాజా 2024 జూన్‌లో చైనా సంస్థ గోషన్ అనుబంధ సంస్థ నుంచి లైసెన్సు తీసుకుంది. కాథోడ్ పదార్థాలు తయారుచేసే హైదరాబాద్ సంస్థ ఆల్ట్‌మిన్ కూడా దివిటిపల్లిలోనే యూనిట్ చేపట్టింది.

పరిశోధనలో హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ, కందిలోని ఐఐటీ హైదరాబాద్ ముందున్నాయి. ఐఐటీలో సురేంద్ర కుమార్ మార్థా బృందం 2021లో రెండు ఎలక్ట్రోడ్లకూ కార్బన్ వాడి 5 వోల్టుల బ్యాటరీని రూపొందించింది. ఎలక్ట్రోలైట్ సంకలితాలకు సంబంధించి మాత్రం దేశంలో గుజరాత్ ముందుంది. అక్కడి అమీ ఆర్గానిక్స్ వినైలీన్, ఫ్లోరోఇథిలీన్ కార్బొనేట్ల తయారీని చేపట్టింది. నియోజెన్ ఎలక్ట్రోలైట్ కర్మాగారానికి ఎంచుకున్నదీ ఆ రాష్ట్రంలోని దహేజ్ ప్రాంతాన్నే.